పూలబీడు వెయ్యాలంటే: ముందు నేల, తర్వాత విత్తనం

కార్తీకం నాటికి గుంటూరు నుంచి విజయవాడ వెళ్ళే రైల్లో కిటికీ పక్కన సీటు దొరికితే కాస్త బయటికి చూడండి. బీళ్ళలో గునుగు వెండి కుచ్చుల్లా నిలబడి ఉంటుంది. మట్టికట్టల మీద తంగేడు పసుపుపచ్చగా విరగబూసి ఉంటుంది. దగ్గరికెళ్ళి చూస్తే కింద తుమ్మి, వెంపలి కూడా కనిపిస్తాయి. వాటికి ఎవరూ విత్తనం చల్లలేదు, నీళ్ళూ పెట్టలేదు. అలాంటి బీడుని ఇంటి పక్క ఖాళీ స్థలంలోనో, పొలం మూలనో, బడి ఆవరణలోనో మనం కావాలని పెంచుకోవచ్చు. దాన్ని నేను పూలబీడు అంటాను. తోటలోలాగా రోజూ నీళ్ళు పోసి ఎరువేసి సాకే పని ఇందులో ఉండదు. నేలకి తగిన విత్తనం పడితే వానతోనే మొలుస్తుంది, పూస్తుంది, రాలుతుంది, పై ఏడు మళ్ళీ మొలుస్తుంది.

మంగళగిరి దగ్గర మాకు ఆరు సెంట్ల ఖాళీ స్థలం ఉంది. మొదటి ఏడు నేను అందరూ చేసే తప్పే చేశాను. ఆన్‌లైన్‌లో రంగురంగుల బొమ్మ ఉన్న 'వైల్డ్‌ఫ్లవర్ మిక్స్' ప్యాకెట్లు తెప్పించి, ట్రాక్టరుతో దున్నించి, ఒక లోడు పశువుల ఎరువు తోలించి చల్లాను. ఆగస్టు కల్లా నడుమెత్తు వయ్యారిభామ లేచింది. ప్యాకెట్‌లోంచి వచ్చినవి నాలుగు కాస్మోస్ మొక్కలు. అప్పుడు పక్క చేను బాబాయ్ గట్టు మీద నిలబడి అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. "నేలలో ఏవుందో చూసుకోకుండా ఇత్తనం కొన్నావేందమ్మాయ్?"

ఆ మాటే ఈ మార్గదర్శికి మూలం. విత్తనం కొనడానికి ముందు ఒక వానాకాలమంతా నేలని చూడండి. అంత ఓపిక లేకపోతే కనీసం నెలరోజులు చూడండి. నేను చెప్పే వరస కూడా అదే: నేల ఎంపిక, నేల పరీక్ష, కలుపు తగ్గించడం, విత్తనం సేకరణ, చల్లడం. మొదటి మూడింటికే ఎక్కువ చోటు తీసుకుంటాను, ఎందుకంటే చాలామంది ఓడిపోయేది అక్కడే.

ఏ స్థలం వద్దు

ఏది వద్దో ముందు చెప్తాను. ఇప్పటికే తుమ్మి, విష్ణుక్రాంతం, గునుగు, పొట్టి గడ్డి కలిసి ఉన్న పాత బీడు మీకుంటే దాన్ని దున్నొద్దు. అది ఇప్పటికే పూలబీడే. కొండవీడు, కొండపల్లి, ఉండవల్లి చుట్టుపక్కల గుట్టల వాలుల్లో ఇలాంటివి ఉన్నాయి. వాటిలో సర్కారు తుమ్మ, లాంటానా లాంటివి పీకేసి, చెత్త ఏరి, ఏడాదికోసారి కోత కోస్తే చాలు. దున్నితే ఏళ్ళ తరబడి నేలలో దాగిన కలుపు విత్తనాలన్నీ పైకొస్తాయి, ఉన్న మంచి మొక్కల వేళ్ళు పోతాయి.

పత్తి చేనుకీ మిరప చేనుకీ ఆనుకున్న స్థలం వద్దు. పూలబీడుకి బాగా నప్పే కొన్ని మొక్కలు పక్క రైతుకి నిజంగానే కష్టం తెస్తాయి. తుత్తురబెండ తెల్లదోమకీ పిండినల్లికీ ఆశ్రయమిస్తుంది, అందుకే పత్తి చేల గట్ల మీద దాన్ని పీకెయ్యమంటారు. గునుగు మెట్ట పంటల్లో మొండి కలుపు. 2021-22లో నల్ల తామరపురుగు గుంటూరు మిరపని ఎంత నాశనం చేసిందో ఇక్కడ అందరికీ తెలుసు, ఆ పురుగు కాపురముండేది పూలలోనే. నేను రెండో ఏడు గునుగు గింజలు ఎండబోస్తుంటే బాబాయ్ చూసి, "మేం మందు కొట్టి చంపే గునుగుని నువ్వు మూట కట్టి చల్లుతున్నావా?" అన్నాడు. ఆయన అడిగిందాంట్లో న్యాయముంది. మా స్థలంలో ఆయన చేను వైపు ఇరవై అడుగులు వదిలేసి, అక్కడ గరిక తప్ప ఏమీ లేకుండా కోయిస్తున్నాను.

వరద నీళ్ళు వచ్చే పల్లం కూడా వద్దు. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి విజయవాడలో సింగ్‌నగర్ చుట్టుపక్కల ఎంత లోతున నీళ్ళు నిలిచాయో చూశాం. వరద తగ్గాక నేల మీద మిగిలే బురదలో ఎక్కడెక్కడి కలుపు గింజలూ ఉంటాయి. కాలవ గట్లయితే తూటికాడ, గుర్రపుడెక్క తోడొస్తాయి. ఏలూరు కాలవ, బందరు కాలవ పక్కన స్థలమున్నవాళ్ళు ఈ సంగతి మనసులో పెట్టుకోండి.

ఏ స్థలం బాగుంటుంది

బలమైన నేల కావాలనుకోవడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు. మూడు పంటలు పండే కృష్ణా ఒండ్రు చూసి పెరిగినవాళ్ళం కదా. పూలబీడు విషయంలో మాత్రం బీద నేలే మేలు. నేలలో నత్రజని, భాస్వరం ఎక్కువుంటే గడ్డి, కలుపు ఒక్కసారిగా లేచి చిన్న పూలమొక్కల మీద కమ్మేస్తాయి. బలం లేని చోట ఏదీ విపరీతంగా పెరగదు, అన్నిటికీ చోటు దొరుకుతుంది. అందుకే మిరప, పత్తి ఏళ్ళ తరబడి పండించి బస్తాలకొద్దీ ఎరువులేసిన నల్లరేగడి కంటే, వెంచర్లలో గ్రావెల్ తోలి మెరక చేసిన ప్లాట్లు పూలబీడుకి బాగా పనికొస్తాయి. గుట్టల నుంచి తెచ్చిన ఆ ఎర్రమట్టిలో బలమూ తక్కువ, కలుపు గింజలూ తక్కువ. ఒక్క జాగ్రత్త: ఇల్లు కట్టిన తర్వాత మిగిలిన సిమెంటు పెళ్ళలు, సున్నం, కాంక్రీటు పొడి కలిసిన మట్టయితే తీయించెయ్యాలి. మన నల్లరేగడికి క్షారగుణం మొదటే ఎక్కువ, దానికి సిమెంటు తోడైతే మొలక నిలవదు.

తర్వాత ఎండ. రోజుకి ఏడెనిమిది గంటలైనా నేరుగా పడాలి. చాలామంది స్థలాన్ని వేసవిలో చూసి "ఎండకేం లోటు" అనుకుంటారు. మన పూలబీడు పూసేది ముఖ్యంగా సెప్టెంబరు నుంచి సంక్రాంతి దాకా, అప్పటికి సూర్యుడు దక్షిణానికి జరిగి ఉంటాడు. మన దగ్గర డిసెంబరు చివర్లో మిట్టమధ్యాహ్నం కూడా సూర్యుడు సుమారు యాభై డిగ్రీల ఎత్తులోనే ఉంటాడు. అంటే 30 అడుగుల మేడ నీడ ఉత్తరం వైపు 25 అడుగుల దాకా పడుతుంది. పొద్దునా సాయంత్రం ఇంకా పొడుగు. అపార్ట్‌మెంటుకి ఉత్తరం పక్క స్థలం జూన్‌లో ఎండతో మండుతున్నట్టే ఉంటుంది, తీరా పూసే కాలానికి నీడలోకి వెళ్ళిపోతుంది. కుదిరితే డిసెంబరులో ఒకరోజు పొద్దున తొమ్మిదికి, పన్నెండుకి, మూడింటికి వెళ్ళి నీడ ఎక్కడ పడుతుందో ముగ్గుతో గీత గీసి చూడండి.

మనుషుల సంగతి కూడా చూడాలి. ఏపుగా పెరిగిన బీడులో పాము ఉంటుందని భయపడటం తప్పు కాదు. మన ప్రాంతంలో రక్తపింజర, నాగుపాము రెండూ ఉన్నాయి. ఇంటి గోడకి పదిహేను అడుగుల లోపు పూలబీడు వెయ్యొద్దు. చుట్టూ మూడు నాలుగడుగుల వెడల్పున గడ్డి పొట్టిగా కోసిన బాట ఉంచండి, రాళ్ళకుప్పలు, చెత్తకుప్పలు పక్కన పెట్టొద్దు. ఆ బాట ఉంటే చూసేవాళ్ళకి కూడా ఇది వదిలేసిన స్థలం కాదని తెలుస్తుంది. ఒక చిన్న బోర్డు పెట్టి ఏమేం పూలున్నాయో రాస్తే, "పిచ్చిమొక్కలు పెంచుతున్నారు" అనే ఫిర్యాదులు చాలావరకు తగ్గుతాయి.

నేలకి నాలుగు పరీక్షలు

ఈ పరీక్షలకి ఖర్చేమీ ఉండదు. విత్తనానికి పెట్టే డబ్బు, ఏడాది శ్రమ దండగ కాకుండా కాపాడేది ఇవే.

మొదటిది నీళ్ళ పరీక్ష. అడుగు లోతు, అడుగు వెడల్పు గుంట తవ్వి నిండా నీళ్ళు పొయ్యండి. అవి ఇంకాక మళ్ళీ పొయ్యండి. రెండోసారి పోసినవి నాలుగైదు గంటల్లో ఇంకితే దాదాపు ఏ మొక్కయినా వస్తుంది. మర్నాడు పొద్దునకీ నీళ్ళు నిలిచి ఉంటే అది బిగుతైన రేగడి. అందులో తంగేడు, విష్ణుక్రాంతం మీద ఆశ పెట్టుకోవద్దు, పల్లపు మూలలో నీరుగొబ్బి లాంటివి చూసుకోండి.

రెండోది కలుపు ట్రే, నాకు అన్నిటికంటే నమ్మకమైన పరీక్ష ఇదే. స్థలంలో పది చోట్ల పైపై రెండంగుళాల మట్టి గుప్పెడేసి తీసి కలపండి. వెడల్పాటి ట్రేలోనో పాత బేసిన్‌లోనో పరిచి, రోజూ తడుపుతూ మూడు నాలుగు వారాలు ఎండ తగిలేచోట ఉంచండి. ఏం మొలుస్తాయో లెక్కపెట్టండి. నేను రెండో ఏడు చేసినప్పుడు భోజనం కంచమంత చోటులో అరవైకి పైగా మొలకలొచ్చాయి. అందులో ముప్పావు భాగం వయ్యారిభామే, లేత ఆకులు నేలకి అతుక్కుని క్యారెట్ ఆకులా చీలికలు చీలికలుగా ఉన్నాయి. మిగతావాటిలో గలిజేరు, గరిక, మధ్యలో మూడు తుమ్మి మొలకలు. ఆ మూడు తుమ్మి మొలకల్ని చూసి ఎంత సంతోషమేసిందో చెప్పలేను. నేను చల్లకుండానే అవి ఆ మట్టిలో ఉన్నాయి కదా.

ట్రేలో తుంగ ఎక్కువొస్తే మాత్రం ఆ స్థలాన్ని ఒక ఏడాది పక్కన పెట్టండి. తుంగ గడ్డలు లోతున ఉంటాయి, పైపైన గీకితే పోవు.

మూడోది మందు పరీక్ష. మొన్నటిదాకా పొలంగా ఉన్న స్థలమైతే కలుపు మందుల అవశేషాలు మిగిలి ఉండొచ్చు. మొక్కజొన్నలో కొట్టే అట్రజిన్ లాంటివి వెడల్పాటి ఆకుల మొక్కల్ని చంపేవే, మన పూలమొక్కలన్నీ దాదాపు ఆ జాతివే. ఒక కుండీలో ఆ మట్టి, ఇంకో కుండీలో మందు తగలని మట్టి పోసి రెండింటిలోనూ ఆవాలు చల్లండి. రెండు వారాలకి మొదటి కుండీలో ఆకుల అంచులు మాడినా, మొలకలు పసుపురంగుకి తిరిగి చచ్చిపోయినా ఇంకో వానాకాలం ఆగాలి.

నాలుగోది భూసార పరీక్ష. మట్టి నమూనా ఎలా తీయాలో, ఎక్కడ ఇవ్వాలో మీ ఊరి రైతు సేవా కేంద్రంలో అడగండి. రైతులు భాస్వరం ఎంత తక్కువుందోనని చూస్తారు. మీరు ఎంత ఎక్కువుందోనని చూడాలి. ఎక్కువని వస్తే ఒక ఏడు ఎరువు వేయకుండా జొన్న వేసి, చొప్పంతా కోసి బయటికి పంపెయ్యండి. నేల బలం కొంత తగ్గుతుంది. పశువుల ఎరువు, వర్మీకంపోస్టు, చెరువు మట్టి ఏదీ తోలొద్దు. నేను తోలించిన ఆ ఒక్క లోడు ప్రభావం మూడేళ్ళకి గానీ తగ్గలేదు.

వేసవిలో చేసే పని

మన ఎండని ఇక్కడ వాడుకోవాలి. ఏప్రిల్ చివర్లో స్థలాన్ని చదును చేసి, రాళ్ళు ఏరి, బాగా తడిపి, దాని మీద పల్చటి పారదర్శక పాలిథిన్ షీటు బిగుతుగా పరిచి, అంచులు మట్టితో కప్పెయ్యండి. నల్ల షీటు వద్దు, ఎండ లోపలికి దిగాలి. నాలుగు నుంచి ఆరు వారాలు, అంటే రోహిణి కార్తె అయ్యేదాకా ఉంచండి. షీటు కింద పై రెండు మూడంగుళాల మట్టి ఉడికిపోయి చాలావరకు కలుపు గింజలు చచ్చిపోతాయి. తుంగకి మాత్రం ఇది పూర్తి మందు కాదు. షీటు తీశాక దున్నొద్దు. దున్నితే కిందున్న బతికిన గింజలు పైకొస్తాయి, చేసిన పనంతా పోతుంది.

షీటు పరచడానికి వీల్లేనంత పెద్ద స్థలమైతే, మృగశిర కార్తెలో తొలివానలకి మొలిచినవాటిని పది పన్నెండు రోజులకి దంతెతోనో పారతోనో పైపైన గీకెయ్యండి. మళ్ళీ వాన పడి మొలిస్తే మళ్ళీ గీకండి. రెండుసార్లు గీకాక అప్పుడు విత్తనం చల్లాలి. ఇది మన మెట్ట రైతులకి తెలిసిన పనే. అంగుళం కంటే లోతుకి పోకూడదన్నదొక్కటే గుర్తుంచుకోవాల్సింది.

ఏ విత్తనం

పాపీ, కార్న్‌ఫ్లవర్, లార్క్‌స్పర్ లాంటివి ఉన్న ప్యాకెట్లు చలి దేశాల కోసం చేసినవి. జూన్‌లో చల్లితే మన వేడికి, తేమకి కుళ్ళిపోతాయి. వాటిలో ఇంకో ప్రమాదముంది. పాపీల్లో నల్లమందు గసగసాల జాతిని లైసెన్సు లేకుండా పెంచడం 1985 నాటి ఎన్‌డీపీఎస్ చట్టం (మాదకద్రవ్యాల చట్టం) కింద నేరం, ప్యాకెట్‌లో ఏ పాపీ ఉందో పైకి తెలియదు. విదేశీ వెబ్‌సైట్ల నుంచి అనుమతి పత్రాలు లేకుండా విత్తనం తెప్పించుకోవడం 2003 నాటి ప్లాంట్ క్వారంటైన్ ఆర్డరుకి విరుద్ధం. కాస్మోస్ మొలుస్తుంది గానీ అది మెక్సికో మొక్క, ఒకసారి దిగితే పక్క బీళ్ళకి పాకుతుంది. మనకి ఒక వయ్యారిభామ చాలు. 1950ల్లో పుణే దగ్గర మొదట కనిపించిన ఆ మొక్క ఇప్పుడు లేని ఊరు లేదు.

విత్తనాల కొట్లో తేలిగ్గా దొరికేది పచ్చిరొట్ట విత్తనం: జనుము, జీలుగ, పిల్లిపెసర. జనుము పూలు బాగుంటాయి కదా వేద్దామా అని నన్ను చాలామంది అడిగారు. వద్దనే చెప్తాను. ఆరడుగులు దట్టంగా పెరిగి కిందవాటిని చంపుతుంది, పైగా నేలలో నత్రజని పెంచుతుంది.

మరి ఏవి వెయ్యాలి? నేలని బట్టి చెప్తాను.

ఎర్ర గరప, గ్రావెల్ నేలలో తుమ్మి, వెంపలి, విష్ణుక్రాంతం, ముళ్ళగోరింట, అంచుల్లో తంగేడు. విష్ణుక్రాంతం వినాయక చవితి పత్రిలో పేరు వినేదే. జానెడు ఎత్తు కూడా లేవదు, గోరంత నీలం పువ్వు, పొద్దున విచ్చి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. ఎత్తు మొక్కల మధ్య వేస్తే కనిపించకుండా పోతుంది కాబట్టి బాట పక్కనే వెయ్యండి. ముళ్ళగోరింట మన డిసెంబరం పూల చుట్టం. పువ్వు పసుపు, కాస్త నారింజ. ముళ్ళుంటాయి గనక పిల్లలు తిరిగే వైపు వద్దు.

నల్లరేగడిలో గునుగు, కుక్కవామింట, గిలిగిచ్చ, కంచె ఉంటే దాని మీదకి శంఖపుష్పం. పత్తి చేలకి దూరమైతే తుత్తురబెండ కూడా. తుత్తురబెండ పూలు సాయంత్రం పూట విచ్చుకుంటాయి, ఆఫీసు నుంచి వచ్చి చూసేవాళ్ళకి అది మంచి సంగతి. కృష్ణ ఒడ్డు ఇసుక నేలల్లో వెంపలి, గిలిగిచ్చ బాగా నిలబడతాయి.

తంగేడు ఆకుల మీద పసుపుతెలుపు సీతాకోకచిలుకలు గుడ్లు పెడతాయి. గిలిగిచ్చ ఎండు కొమ్మల మీద టైగర్ జాతి సీతాకోకచిలుకలు గుంపుగా వాలి రసం పీలుస్తుంటే చూడాలి. ఆ రసంలోని విషపదార్థాలే మగ సీతాకోకచిలుకలకి జత కట్టడానికి కావాలి. ఆ విషం వల్లే గిలిగిచ్చ పశువులకి మంచిది కాదు. గేదెలు మేసే చోట వెయ్యొద్దు. గురివింద గింజ, నాభి దుంప మనుషులకే ప్రాణాంతకం. పిల్లలున్న చోట ఎంత అందంగా ఉన్నా వాటి జోలికి పోవద్దు. పల్లేరు పువ్వు ముద్దుగా ఉంటుంది, కాయ మాత్రం చెప్పుల్లోంచి దిగుతుంది.

విత్తనం ఏరుకోవడం

ఈ విత్తనాలు చాలావరకు అంగట్లో దొరకవు, మనమే ఏరుకోవాలి. మీ స్థలానికి పది ఇరవై కిలోమీటర్ల లోపు, అదే రకం నేలలో పెరిగిన మొక్కల నుంచి తీసుకుంటే మన వానకి, మన ఎండకి అలవాటుపడిన విత్తనం వస్తుంది. రోడ్డు పక్క, ఖాళీ ప్లాట్లు, రైలుకట్టకి బయట ఉన్న బీళ్ళు చాలు. స్థలం యజమాని ఉంటే అడగండి. రిజర్వు అడవిలోకి అటవీ శాఖ అనుమతి లేకుండా వెళ్ళొద్దు. ఒకచోట ఉన్న కాయల్లో పదో వంతు మించి తియ్యొద్దు, ఒక్క మొక్క నుంచి కాకుండా ముప్పై నలభై మొక్కల నుంచి కొంచెం కొంచెంగా తియ్యండి.

గునుగు కంకి అడుగు భాగం గోధుమరంగుకి తిరిగాక అరచేతిలో పెట్టి నలిపి ఊదండి. పొట్టు ఎగిరిపోయి నల్లగా, నూనె రాసినట్టు మెరిసే ఆవగింజ కంటే చిన్న గింజలు గీతల్లో మిగులుతాయి. అవి ఎర్రగా ఉంటే ఇంకా ముదరలేదు, వారం ఆగండి. తుమ్మి కాయని కొయ్యక్కర్లేదు. ఎండిన గుత్తిని కాగితం కవరులోకి వంచి వేలితో తడితే గింజలు అవే రాలతాయి. గిలిగిచ్చ ముదిరిందో లేదో చెవి చెప్తుంది: కాయ ఊపితే గిలకలా మోగాలి. మోగినవాటిలోనూ పురుగు తొలిచినవి చాలా ఉంటాయి, చిన్న బెజ్జం కనిపిస్తే పక్కన పడెయ్యండి. తంగేడు కాయలు గోధుమరంగై పెళుసుబారాక, వెంపలి కాయలు మెలితిరిగి విచ్చకముందు కొయ్యాలి. ఈ పనంతా దాదాపు నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా నడుస్తుంది.

తెచ్చినవాటిని నీడలో వారం పది రోజులు ఆరబెట్టి, గుడ్డ సంచుల్లో పోసి, మొక్క పేరు, ఏరిన చోటు, తేదీ రాసి కట్టండి. పాలిథిన్ కవర్లో కడితే బూజు పడుతుంది. ప్రతి రకంలో పది గింజలు పక్కనపెట్టి చిన్న కుండీల్లో ముందే మొలిపించి చూసుకోండి. ఈ పని చాలామంది మానేస్తారు. లేత మొలక ఎలా ఉంటుందో తెలియకపోతే జులైలో కలుపు అనుకుని మన మొక్కనే పీకేస్తాం.

ఎవరి దగ్గరైనా విత్తనం కొన్నా, ఎప్పుడో ఏరి దాచిందైనా, మొలక శాతం చూడాలి. తడిగుడ్డలో వంద గింజలు చుట్టి ఉంచి, రోజూ తడుపుతూ రెండు వారాల్లో ఎన్ని మొలిచాయో లెక్కపెట్టండి. విత్తనంలో పొట్టు, మట్టి ఎంతుందో కూడా చూడండి. 80 శాతం శుభ్రంగా ఉండి 50 శాతం మొలిస్తే, కిలో కొన్నప్పుడు మీ చేతికి వచ్చే పనికొచ్చే విత్తనం 400 గ్రాములే.

తంగేడు, వెంపలి, గిలిగిచ్చ, శంఖపుష్పం గింజల తోలు గట్టిది, అలాగే చల్లితే కొన్ని ఏళ్ళ తరబడి మొలవకుండా ఉంటాయి. వాటిని ముతక ఇసుకతో కలిపి గోనెపట్టా మీద కాసేపు రుద్దండి. లేదంటే మరిగించి దించి అయిదు నిమిషాలు ఆగిన నీళ్ళలో వేసి రాత్రంతా వదిలెయ్యండి. పొద్దునకి ఉబ్బినవి ఆ రోజే వెయ్యాలి. మొత్తం గింజలకి ఈ పని చెయ్యొద్దు. మూడో వంతు అలాగే ఉంచి కలిపితే, మొదటి వానకి మొలిచినవి ఎండిపోయినా మిగతావి తర్వాత లేస్తాయి.

చల్లడం

ఆరుద్ర, పునర్వసు కార్తెలు, అంటే జూన్ చివరి వారం నుంచి జులై మధ్య దాకా సరైన అదను. ఒక పదును వాన పడి నేల తడిశాక చల్లండి. పొడి నేలలో ముందే చల్లితే చీమలు మోసుకుపోతాయి, తొలకరి జడివానకి మిగతావి కొట్టుకుపోతాయి. అక్టోబరులో రెండో అదను ఉందంటారు గానీ తుపాన్ల కాలం కావడం వల్ల నేను దాని మీద ఆధారపడను.

సెంటుకి శుభ్రమైన విత్తనం 100 గ్రాములు చాలు. నేను సెంటుకి కలిపే లెక్క ఇది: వెంపలి 30 గ్రాములు, తుమ్మి 20, గిలిగిచ్చ 20, ముళ్ళగోరింట 10, కుక్కవామింట 8, గునుగు 5, విష్ణుక్రాంతం దొరికినంత, చెంచాడైనా సరే. గునుగు అయిదు గ్రాములేనా అనిపిస్తుంది. దాని గింజ అతి చిన్నది, మొక్క వేగంగా పెరుగుతుంది. ఇరవై గ్రాములు వేస్తే ఆ ఏడు గునుగు తప్ప ఇంకేమీ కనిపించదు. తంగేడుని ఇందులో కలపొద్దు. అంచుల వెంట అయిదడుగులకో చోట రెండు మూడు గింజలు అరంగుళం లోతున గుచ్చండి. మొదటి ఏడు ఖాళీగా అనిపించకుండా సెంటుకి పది గ్రాముల నువ్వులు కలపొచ్చు. నలభై రోజుల్లో పూసి తేనెటీగల్ని పిలుస్తాయి, తర్వాత వాటంతట అవి పోతాయి.

విత్తనాన్ని పది రెట్లు పొడి ఇసుకతో కలిపి రెండు సగాలు చెయ్యండి. మొదటి సగం తూర్పు పడమరగా నడుస్తూ, రెండోది ఉత్తర దక్షిణంగా నడుస్తూ చల్లండి. ఇసుక తెల్లగా కనిపిస్తుంది కాబట్టి ఎక్కడ పడలేదో తెలుస్తుంది. మట్టి కప్పొద్దు. తుమ్మి, గునుగు లాంటి సన్న గింజలు లోతుకి పోతే బయటికి రాలేవు. ఇంట్లోవాళ్ళందరూ చెప్పుల్లేకుండా వరుసగా నిలబడి పాదం పక్కన పాదం వేసి తొక్కితే చాలు, గింజ మట్టికి అతుక్కుంటుంది. పైన ఎండుగడ్డి పల్చగా, నేల కనిపించేంత పల్చగా పరవండి. పది రోజులు వాన లేకపోతే రోజ్‌క్యాన్‌తో, అంటే జల్లెడ మూతి ఉన్న నీళ్ళ డబ్బాతో, సాయంత్రాలు తడపండి, పైపుతో కొట్టొద్దు.

మొదటి ఏడాది

జులై, ఆగస్టుల్లో వారానికోసారి తిరిగి వయ్యారిభామని పూత రాకముందే వేళ్ళతో సహా పీకండి. చేతికి గ్లవుజులు, ముక్కుకి గుడ్డ తప్పనిసరి, దానివల్ల దురదలు, ఆయాసం వస్తాయి. గరిక, గలిజేరు మరీ కమ్మేస్తే తప్ప ముట్టుకోవద్దు. కలుపు నడుమెత్తు లేస్తే మాత్రం ఆగస్టులో ఒకసారి జానెడు ఎత్తు మీద కొడవలితో కోసెయ్యండి, కింద ఉన్న మన మొలకలకి వెలుగు తగులుతుంది. తంగేడు మొదటి ఏడు పూయకపోతే కంగారుపడొద్దు, రెండో ఏడు పూస్తుంది.

సంక్రాంతి దాటి కాయలు ముదిరి రాలాక, ఫిబ్రవరిలో తంగేడు వదిలి మిగతాదంతా కోయించండి. కోసిందాన్ని అక్కడే మూడు నాలుగు రోజులు ఎండనిచ్చి, దులిపి, గింజలు రాలాక బయటికి మోయించండి. అక్కడే వదిలితే కుళ్ళి నేలకి బలమిస్తుంది, వేసవిలో అగ్గిపుల్ల పడితే అంటుకుంటుంది కూడా. మార్చి నుంచి నేల నెర్రెలిచ్చి మొండిగా కనిపిస్తుంది. నీళ్ళు పెట్టొద్దు.

ఏరిన విత్తనమంతా మొదటి ఏడే చల్లెయ్యొద్దు. అయిదో వంతు గుడ్డ సంచిలో దాచండి. రెండో ఏడు ఆరుద్రకి వానలు పడ్డాక స్థలమంతా తిరిగి చూసి, ఎక్కడెక్కడ ఖాళీగా ఉందో అక్కడ చిన్న పుల్లలు గుచ్చండి. నేల పైపైన గీకి, ఆ దాచిన గింజలు చిటికెడు చిటికెడు వేసి కాలితో తొక్కండి.